‘కండక్ట్’ అనే ఇంగ్లీషు మాట: అర్థం తెలుసుకుని తప్పులేకుండా వాడడానికి సమగ్ర మార్గదర్శి

బెంగళూరు సిటీ బస్సుల్లో తిరిగే తెలుగువారు కన్నడం కాస్త చదవడం నేర్చుకోగానే కంటపడే మాటల్లో రెండు, చాలక, నిర్వాహక. మొదటిది డ్రైవరు, రెండోది కండక్టరు. చెన్నై బస్సు ఎక్కితే అదే కండక్టరు తమిళంలో నడత్తునర్ అవుతాడు. మనం తెలుగులో కండక్టరు అనే మాటనే మన మాటగా చేసుకున్నాం కాబట్టి, దాని లోపల ఏముందో విప్పి చూడవలసిన అవసరం మనకు రాలేదు. ఆ మాటకు మూలమైన ‘కండక్ట్’ మాత్రం ఉద్యోగపు ఇంటర్వ్యూలోనూ, ఆఫీసు ఉత్తరాల్లోనూ, పిల్లల టీసీలోనూ, కోర్టు కాగితాల్లోనూ, కరెంటు తీగల మీదా ఒక్కోచోట ఒక్కో అర్థంతో ఎదురవుతూనే ఉంటుంది.

బెంగళూరులోని మారతహళ్లిలో వారాంతాల్లో తెలుగు యువతీయువకులకు ఇంగ్లీషు చెప్పే పని నాది. ఒకసారి కడప వైపు నుంచి వచ్చిన కుర్రవాడు ఇంటర్వ్యూ ముగించుకుని నేరుగా నా దగ్గరకు వచ్చాడు. “హౌ డు యూ కండక్ట్ యువర్‌సెల్ఫ్ అండర్ ప్రెషర్?” అని అడిగితే, కాలేజీలో తాను కండక్ట్ చేసిన రెండు వర్క్‌షాపుల గురించి చెప్పాడట. అడిగినావిడ ప్రశ్నను మళ్లీ అడిగితే, మూడో వర్క్‌షాపు గురించి చెప్పాడట. అతని ఇంగ్లీషు బలహీనమైనది కాదు. ఆ మాటకు అతనికి తెలిసిన అర్థం ఒక్కటే, అంతే. ఆ రోజు అతనికి చెప్పిన వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి మెట్టు: వేరును పట్టుకోవడం

ఈ మాట లాటిన్ నుంచి వచ్చింది. ‘కాన్’ అంటే కూడా, వెంట అని; ‘డూకెరె’ అంటే నడిపించడం, దారి తీయడం అని. రెండూ కలిస్తే వెంటబెట్టుకుని నడిపించడం అవుతుంది. ఇంగ్లీషులో ఇది తొలుత మనిషిని రక్షణతో ఒక చోటి నుంచి మరో చోటికి సాగనంపడం అనే అర్థంలో వాడుకలో ఉండేది. శత్రుభూమి గుండా వెళ్లేవారికి ఇచ్చే అభయపత్రాన్ని నేటికీ ‘సేఫ్ కాండక్ట్’ అనే అంటారు. మనుషులను నడిపించడం నుంచి పనులను నడపడం, అక్కడి నుంచి తనను తాను నడుపుకొనే తీరు, అంటే నడవడిక, ఇలా అర్థం విస్తరించింది.

ఇక్కడ తెలుగువారికి పుట్టుకతో వచ్చిన ఒక సౌకర్యం ఉంది. నడక, నడత, నడవడి, నడుపు, నడిపించు, వీటన్నిటికీ వేరు ఒక్కటే. ఇంగ్లీషువారు ‘కండక్ట్’ అనే ఒక్క మాటలో ఇమిడ్చిన నడవడికనూ, నడపడాన్నీ మనం కూడా ఒక్క ‘నడ’లోనే ఇమిడ్చుకున్నాం. కన్నడంలో నడతె అంటే ప్రవర్తన, నడెసు అంటే నిర్వహించు. తమిళంలో నడత్తై అంటే ప్రవర్తన, నడత్తు అంటే నిర్వహించు. దక్షిణాది భాషలన్నీ ఈ విషయంలో లాటిన్‌తో ఇంత దగ్గరగా నడవడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యం కలిగించే సంగతి. సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల్లోనూ ఇటువంటి బంధుత్వమే కనిపిస్తుంది: నిర్వహణలోనూ, విద్యుత్తుకు వాడే వాహకంలోనూ ఉన్నది మోయడం అనే అర్థమిచ్చే ‘వహ్’ ధాతువే. మనం ఎక్కువగా వాడే ‘ప్రవర్తన’ ఒక్కటే ఈ కుటుంబానికి చెందదు. బడిలో ‘కండక్ట్ అంటే ప్రవర్తన’ అని మాత్రమే నేర్చుకున్నవారికి మిగిలిన అర్థాలు పరాయివిగా తోచడానికి కారణం అదేనని నా నమ్మకం. కాబట్టి ఈ మాట ఎదురైనప్పుడల్లా ముందు ‘నడ’ను తలచుకోండి, ఆ తర్వాత ఎవరు దేనిని నడుపుతున్నారని ప్రశ్నించండి. తనను తాను నడుపుకుంటే ప్రవర్తన, పనిని నడిపితే నిర్వహణ, కరెంటును నడిపితే వాహకత్వం, మనుషులను నడిపితే దారి చూపడం అవుతుంది.

ఇదే లాటిన్ వేరు నుంచి వచ్చిన మాటలు మన ఉద్యోగ జీవితంలో రోజూ తగులుతుంటాయి. కంపెనీలో చేరిన తొలిరోజు జరిగే ఇండక్షన్ అంటే లోపలికి నడిపించుకు రావడం. జీతం చీటీలో కనబడే డిడక్షన్ అంటే అందులోంచి కొంత బయటికి తీసుకుపోవడం. ప్రొడ్యూస్, రెడ్యూస్, ఇంట్రడ్యూస్ కూడా ఈ ఇంటివే.

రెండో మెట్టు: పలికే తీరు

తెలుగులో ఊనిక, అంటే మాటలో ఒక భాగాన్ని నొక్కి పలకడం, మారినంత మాత్రాన మాట అర్థం మారదు కనుక, ఇంగ్లీషులోని ఈ తేడా మన చెవికి వెంటనే అందదు. నామవాచకంగా వాడినప్పుడు ఊనిక మొదటి భాగం మీద పడుతుంది: కాండక్ట్. క్రియగా వాడినప్పుడు రెండో భాగం మీద పడుతుంది, మొదటి అచ్చు బలహీనపడుతుంది: కండక్ట్. ఈ వ్యాసంలో ఇకమీదట నామవాచకాన్ని కాండక్ట్ అనీ, క్రియను కండక్ట్ అనీ రాస్తాను. మన పెద్దలు బడిలో తెచ్చుకున్న ధ్రువపత్రాన్ని ‘కాండక్ట్ సర్టిఫికెట్’ అనేవారు. వారు పలికిన తీరే సరైనది. కండక్టర్, కండక్టెడ్, కండక్టింగ్ వంటివి క్రియ నుంచి పుట్టినవి కాబట్టి వాటిలో ఊనిక ‘డక్’ మీదే ఉంటుంది.

అభ్యాసానికి ఈ ఒక్క వాక్యం చాలు: “ద కమిటీ విల్ కండక్ట్ యాన్ ఎంక్వైరీ ఇంటూ హిజ్ కాండక్ట్.” కమిటీ అతని ప్రవర్తనపై విచారణ జరుపుతుందని దీని భావం. ఒకే వాక్యంలో మాట రెండుసార్లు, రెండు అర్థాలతో, రెండు ఊనికలతో వచ్చింది. దీన్ని పదిసార్లు గట్టిగా చదివి, ఫోనులో రికార్డు చేసుకుని వినండి. రికార్డ్, పర్మిట్, కాంట్రాక్ట్, ప్రొడ్యూస్ వంటి మాటల్లోనూ ఊనిక ఇలాగే మారుతుంది కాబట్టి ఈ అభ్యాసం వాటికీ పనికివస్తుంది.

మూడో మెట్టు: ప్రవర్తన అనే అర్థం

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యేది ఈ అర్థంలోనే, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

మొదట బిహేవియర్‌కూ కాండక్ట్‌కూ గల తేడాను గుర్తించాలి. తెలుగులో రెండింటినీ ప్రవర్తన అనేస్తాం. బిహేవియర్ విశాలమైన మాట: చంటిపిల్లలకూ, కోతులకూ, మార్కెట్‌కూ, సాఫ్ట్‌వేర్‌కూ, వేడి చేసిన లోహానికీ కూడా బిహేవియర్ ఉంటుంది. కాండక్ట్ మాత్రం మంచి చెడులు తెలిసిన మనుషులకూ, వారు నడిపే సంస్థలకూ మాత్రమే ఉంటుంది. పైగా ఆ మాట వినగానే దాన్ని తూచే ఒక నియమమో, ఒక బాధ్యతో వెనక ఉన్నట్టు అర్థమవుతుంది. ఏడాది పిల్లవాడి అల్లరిని కాండక్ట్ అనకూడదు. ఉపాధ్యాయుడు తరగతిలో పిల్లలతో మెలిగే తీరును కాండక్ట్ అనవచ్చు, ఎందుకంటే ఆ వృత్తికి ఒక కట్టుబాటు ఉంది. మేనర్స్ అంటే మర్యాద మాత్రమే. భోజనం దగ్గర ఎలా కూర్చోవాలన్నది అందులోకి వస్తుంది గాని కాండక్ట్‌లోకి రాదు. యాటిట్యూడ్ అంటే లోపలి దృక్పథం; తెలుగు సంభాషణల్లో ఆ మాటకు పొగరు అనే అర్థం స్థిరపడింది గాని, ఇంగ్లీషులో అది మామూలుగా మంచీ చెడూ కాని తటస్థమైన మాట.

కాండక్ట్‌లోకి చేతలే కాక మాటలూ, సైగలూ కూడా వస్తాయన్నది చాలామంది గమనించని విషయం. బెంగళూరు ఐటీ ఉద్యోగులకు కంపెనీలు ఇప్పించే శిక్షణల్లో పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం గురించిన శిక్షణ ఒకటి. వేధింపును నిర్వచిస్తూ ఆ చట్టం శారీరకమైన, మాటలతో కూడిన, మాటల్లేని అవాంఛిత ‘కాండక్ట్’ అంటుంది. నేను ముట్టుకోలేదు కదా, ఒక మాట మాత్రమే కదా అన్నాను అనేవారు ఈ ఒక్క మాట అర్థాన్ని సరిగా తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

ఇక వ్యాకరణం. ఈ అర్థంలో కాండక్ట్‌కు బహువచనం లేదు, ముందు ‘అ’ అనే ఆర్టికల్ కూడా రాదు. ‘హి హాజ్ అ గుడ్ కాండక్ట్’ అనడం తప్పు. ‘హిజ్ కాండక్ట్ ఈజ్ గుడ్’ అనాలి. ‘కాండక్ట్స్’ అనే రూపాన్ని నామవాచకంగా రాయకూడదు. అలాగే తెలుగులో మనం ఒకరితో ప్రవర్తిస్తాం కాబట్టి ఇంగ్లీషులోనూ ‘హిజ్ కాండక్ట్ విత్ కస్టమర్స్’ అని రాసేస్తుంటాం. అక్కడ ‘టువర్డ్స్’ రావాలి: ‘హిజ్ కాండక్ట్ టువర్డ్స్ కస్టమర్స్’. నా దగ్గరకు వచ్చే తెలుగు పిల్లల రాతల్లో పదే పదే కనిపించే తప్పు ఇదే.

గుడ్ కాండక్ట్‌ను తెలుగులో ఎలా చెప్పాలన్నది సందర్భాన్ని బట్టి ఉంటుంది. టీసీలో రాసేది నడత. జైలు నుంచి ఖైదీలను ముందుగా విడుదల చేసేటప్పుడు పత్రికలు రాసేది సత్ప్రవర్తన. కొన్ని నేరాలకు శిక్ష వేయకుండా షరతులతో విడిచిపెట్టే 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టంలోనూ ‘ప్రొబేషన్ ఆఫ్ గుడ్ కాండక్ట్’ అనే మాట ఉంది.

మిస్‌కాండక్ట్‌కు దుష్ప్రవర్తన అనే మాట స్థిరపడింది గాని, అది ఆఫీసు కాగితంలో కనబడితే వట్టి చెడ్డ నడత అని సరిపెట్టుకోకూడదు. నియమాన్ని ఉల్లంఘించారనీ, దానిపై చర్య తీసుకునే అవకాశం ఉందనీ దాని భావం. న్యాయవాదుల విషయంలో 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ‘ప్రొఫెషనల్ ఆర్ అదర్ మిస్‌కాండక్ట్’ అని అంటుంది. హాజరు దొంగలెక్క, కంపెనీ సమాచారాన్ని బయటికి పంపడం వంటివి కూడా ఈ మాట కిందికి రావచ్చు. వాటిలో దురుసుతనం ఏమీ ఉండకపోవచ్చు. మిస్‌బిహేవ్ వేరు. ఇంగ్లీషులో అది ఎక్కువగా పిల్లల అల్లరికి వాడే మాట. తెలుగులో ‘మిస్‌బిహేవ్ చేశాడు’ అంటే సాధారణంగా స్త్రీతో అసభ్యంగా ప్రవర్తించాడనే అర్థం. ఆ తెలుగు అర్థాన్ని మనసులో ఉంచుకుని ఇంగ్లీషులో ఫిర్యాదు రాస్తే, జరిగిన తప్పు తీవ్రత చదివేవారికి తెలియకుండా పోతుంది. అటువంటి ఫిర్యాదులో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయాలి. మిస్‌బిహేవ్ అనే ఒక్క మాటతో వదిలేయకూడదు.

నాలుగో మెట్టు: పనిని నడపడం

కండక్ట్ క్రియకు కర్మగా ఒక పని వస్తే నిర్వహించడం, జరపడం అని అర్థం. సర్వే, ఇంటర్వ్యూ, పరీక్ష, విచారణ, పరిశోధన, ప్రయోగం, ఆడిట్, తనిఖీ, శిక్షణ వంటివి ఈ క్రియతో సహజంగా కలుస్తాయి. వీటన్నిటికీ ఒక పద్ధతి ఉంటుంది, మొదటి నుంచి చివరిదాకా ఎవరో ఒకరు బాధ్యతగా నడపాలి. ఆ పద్ధతి లేని చోట కండక్ట్ ఇమడదు. పుట్టినరోజు పార్టీని కండక్ట్ చేయరు, ఇస్తారు లేదా ఏర్పాటు చేస్తారు. అందుకు ఇంగ్లీషులో ‘త్రో’, ‘హోస్ట్’ అనే క్రియలున్నాయి. తప్పునూ నేరాన్నీ కండక్ట్ చేయరు, వాటికి ‘కమిట్’ ఉంది. మీటింగ్‌ను కండక్ట్ చేశానంటే దాన్ని ముందుండి నడిపానని. కేవలం కూర్చుని విన్నవారు ‘అటెండెడ్’ అని రాయాలి. బయోడేటాలో ఈ తేడా చాలా ముఖ్యం. పదిమందిలో ఒకరిగా పాల్గొన్న సర్వేను ‘ఐ కండక్టెడ్’ అని రాస్తే, ఇంటర్వ్యూలో దాని రూపకల్పన గురించీ, ఫలితాల గురించీ అడుగుతారు. అప్పుడు సమాధానం చెప్పుకోలేక ఇబ్బంది పడవలసి వస్తుంది.

ఒక మెలిక ఉంది. నామవాచకమైన కాండక్ట్ ఎప్పుడూ ప్రవర్తనే అనుకుంటే పొరపాటు. ‘ఆఫ్’ తర్వాత మనిషి వస్తే ప్రవర్తన, పని వస్తే నిర్వహణ. ‘ద కాండక్ట్ ఆఫ్ ద స్టూడెంట్’ అంటే విద్యార్థి ప్రవర్తన. ‘ద కాండక్ట్ ఆఫ్ ద ఎగ్జామినేషన్’ అంటే పరీక్ష నిర్వహణ. దీనికి నాకు తెలిసినంతలో ఎన్నికల కన్నా మంచి ఉదాహరణ లేదు. ఎన్నికల తేదీలు వెలువడగానే ‘కోడ్ వచ్చింది’ అని మనం చెప్పుకొనేది మోడల్ కోడ్ ఆఫ్ కాండక్ట్. 1960లో కేరళ శాసనసభ ఎన్నికలతో మొదలైన ఈ నియమావళి పార్టీలూ, అభ్యర్థులూ ఎలా మెలగాలో చెబుతుంది. పోలింగ్, లెక్కింపు ఎలా జరపాలో చెప్పేవి వేరే ఉన్నాయి, వాటి పేరు కాండక్ట్ ఆఫ్ ఎలక్షన్స్ రూల్స్, 1961. ఎన్నిక అదే, మాటా అదే. మొదటి దానికి తెలుగులో ప్రవర్తనా నియమావళి అనీ, రెండోదానికి ఎన్నికల నిర్వహణ నియమాలు అనీ రాయాలి. అనువాద ఉద్యోగాలు చేసే తెలుగువారు ఈ నగరంలో చాలామంది ఉన్నారు. వారు ఈ తేడాను చేతివేళ్ల మీద ఉంచుకోవాలి. లోక్‌సభ కార్యకలాపాల నియమాల పేరులోని ‘కాండక్ట్ ఆఫ్ బిజినెస్’ సభాకార్య నిర్వహణే. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు వర్తించే 1964 నాటి కాండక్ట్ రూల్స్ మాత్రం ప్రవర్తనా నియమాలు.

ఐదో మెట్టు: తనను తాను నడుపుకోవడం

కడప కుర్రవాడు తడబడినది ఇక్కడే. కండక్ట్‌ను ప్రవర్తించడం అనే అర్థంలో క్రియగా వాడాలంటే వెంట మైసెల్ఫ్, యువర్‌సెల్ఫ్, హిమ్‌సెల్ఫ్ వంటి మాట తప్పనిసరిగా ఉండాలి. ‘షి కండక్టెడ్ హర్‌సెల్ఫ్ విత్ డిగ్నిటీ’ అంటే హుందాగా ప్రవర్తించిందని. ‘షి కండక్టెడ్ విత్ డిగ్నిటీ’ అంటే వాక్యం అసంపూర్ణం. ఏమి నిర్వహించిందని వినేవారు ఎదురుచూస్తారు. బిహేవ్‌కు ఈ నిర్బంధం లేదు, ‘షి బిహేవ్డ్ వెల్’ అంటే చాలు. ఒక పెద్ద మనిషితో ‘బిహేవ్ యువర్‌సెల్ఫ్’ అంటే మాత్రం అది మందలింపే, బుద్ధిగా ఉండు అన్నట్టు. దాన్ని ఆఫీసులో పైవారితో గాని తోటివారితో గాని అనకూడదు.

ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వస్తే ఏం చెప్పాలి? ఒత్తిడిలో తనను తాను ఎలా నడుపుకుంటారో, జరిగిన ఒక సంఘటన సాయంతో చెప్పాలి. ఉదాహరణకు, రాత్రి పదకొండుకు సర్వర్ పడిపోయినప్పుడు గొంతు పెంచకుండా ముందు క్లయింటుకు సమాచారం ఇచ్చి, తర్వాత పనులు పంచుకున్నామని చెప్పవచ్చు. జవాబును ‘ఐ ట్రై టు స్టే కామ్’ వంటి చిన్న వాక్యంతో మొదలుపెట్టవచ్చు. ప్రశ్నలో ఉన్న బరువైన మాటనే జవాబులోనూ తేవలసిన అవసరం లేదు. అతను రెండు వారాల తర్వాత వేరేచోట ఇదే తీరు ప్రశ్నకు ఇలాగే జవాబు చెప్పి వచ్చి, ఫలితం తెలియకముందే సంతోషంగా కనిపించాడు.

ఆరో మెట్టు: కరెంటు, వేడి

ఈ అర్థం సులువైనది. వెండి, రాగి, అల్యూమినియం విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తాయి; వీటిలో వెండిది మొదటి స్థానం. ‘కాపర్ కండక్ట్స్ ఎలక్ట్రిసిటీ’ అన్న వాక్యంలో రాగి కరెంటును ఒక కొస నుంచి మరో కొసకు నడిపిస్తోంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఇది వాహకం, సెమీకండక్టర్ అర్ధవాహకం, సూపర్ కండక్టర్ అతివాహకం. లైన్ పనిచేసేవారు స్తంభాల మీది తీగనే కండక్టర్ అంటారు.

కర్ణాటకకు ఈ అర్థంతో పాత అనుబంధం ఉంది. 1902లో శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టిన కరెంటును తీగల మీద కోలారు బంగారు గనుల దాకా నడిపించారు; 1905లో అదే కరెంటుతో బెంగళూరు వీధిదీపాలు వెలిగాయి. ఆ కోలారు గనుల్లో పనిచేసినవారిలో తెలుగువారూ ఉండేవారు.

పిల్లలకు నేర్పేటప్పుడు వంటింట్లో చూపించండి. స్టీలు గరిటెను మరిగే సాంబారులో వదిలేస్తే కాసేపటికి పిడి కాలుతుంది, చెక్క గరిటె పిడి కాలదు. అప్పుడు ఈ మాటకు వేరే నిర్వచనం చెప్పే పనే ఉండదు.

ఏడో మెట్టు: మనుషులను వెంటబెట్టుకు వెళ్లడం

మాటకు తొలి అర్థమైన ఇది ఇప్పుడు అరుదు. పర్యాటక శాఖలు నడిపే ‘కండక్టెడ్ టూర్’లో గైడు వెంట ఉండి చూపిస్తాడు కనుక ఆ పేరు. పాశ్చాత్య సంగీత బృందం ముందు నిలబడి చేతి పుల్లతో తాళగతిని చూపే వ్యక్తి కూడా కండక్టరే. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌కు 1978 నుంచి 1991 వరకు సంగీత దర్శకత్వం వహించిన, బొంబాయిలో పుట్టిన జుబిన్ మెహతా అందుకు ఉదాహరణ.

ఎనిమిదో మెట్టు: అభ్యాసం

కింది వాక్యాలను గట్టిగా చదివి, ఎవరు దేనిని నడుపుతున్నారో ఆలోచించి, తెలుగులోకి మార్చండి. “హర్ కాండక్ట్ ఎట్ ద మీటింగ్ వాజ్ ప్రెయిజ్డ్.” “ద కాండక్ట్ ఆఫ్ ద మీటింగ్ వాజ్ ప్రెయిజ్డ్.” “షి కండక్టెడ్ ద మీటింగ్.” “షి కండక్టెడ్ హర్‌సెల్ఫ్ వెల్ ఎట్ ద మీటింగ్.” “వుడ్ డజ్ నాట్ కండక్ట్ హీట్ వెల్.”

మొదటిదాంట్లో సమావేశంలో ఆమె ప్రవర్తించిన తీరును మెచ్చుకున్నారు. రెండోదాంట్లో మెచ్చుకున్నది సమావేశం నడిపిన తీరును. ఎవరు నడిపారో వాక్యంలో లేదు. మూడోదాంట్లో సమావేశాన్ని నిర్వహించినది ఆమే. నాలుగోదాంట్లో ఆమె చక్కగా మెలిగింది, సమావేశం నడిపినది మరొకరు కావచ్చు. ఐదోదాంట్లో చెక్క వేడిని సరిగా ప్రసరింపనివ్వదు. ఈ అయిదూ తడబడకుండా వచ్చాక, మీ సొంత ఆఫీసు ఉత్తరాల్లోంచి ఈ మాట ఉన్న వాక్యాలు ఒక అయిదు ఏరి, ఇదే పని చేయండి.